ఎనిమిదేళ్ల ఏలిక

విబియన్‌కు ఎనిమిదేళ్లు. వాణ్ణి డాలు మీద కూర్చోబెట్టి రోమ్‌కు చక్రవర్తిని చేసింది మా సైనికులమే. మూడు నెలలకే మాకు మరొకడు నచ్చాడు. విబియన్‌నీ, వాడి దాదినీ చంపి రమ్మని కొత్త చక్రవర్తి నన్ను పంపాడు.

వాడు దాది వెనక నక్కాడు.

"ఏలినవారు ఆడదాని చాటున దాక్కున్నారే! బట్టలు తడిశాయా, ప్రభూ?" అన్నాను.

"పసివాడు నాయనా!" అంటూ దాది మెలిట్టా నా కాళ్లు పట్టుకుంది.

"పసివాడికి సింహాసనమెందుకే?" అని నవ్వాను.

వాడు ముందుకొచ్చాడు. "మెలిట్టాను వదిలెయ్. ఇది నా ఆజ్ఞ."

ఎందుకో ఈసారి నవ్వు రాలేదు. "చిత్తం" అన్నాను. దాదిని వెనక ద్వారం నుంచి పంపేశాను.

ఆమె ఏడుపు వినబడనంత దూరం వెళ్లేదాకా ఆయన అక్కడే నిలబడ్డారు. ఆ తర్వాత కొత్త చక్రవర్తి ఆజ్ఞ కూడా పాటించాను.