గాటు పడని తీగ

“తోలు ఊడాలి. లోపల గాటు పడకూడదు. అలాంటిది కావాలండీ.”

అలా అంటూనే ఆ అమ్మాయి జుట్టును చెంప మీదికి లాక్కుంది.

గల్లాపెట్టె వెనకున్న ముసలావిడ ఎడమ చెవి ముందుకు పెట్టి వింది. కుడి చెవి పనిచెయ్యదు. పనిముట్లు అమ్మీ అమ్మీ ఆవిడకి వీధిలో పట్టకారు పెద్దమ్మ అన్న పేరు స్థిరపడిపోయింది.

“ఇంటి వైరింగుకా?”

“కాదండీ. సరదాకి చిన్న చిన్న సర్క్యూట్లు చేస్తుంటాను. అన్నీ సన్న తీగలే.” సంచిలోంచి తుప్పు పట్టిన పాత స్ట్రిప్పరు తీసి అద్దం బల్ల మీద పెట్టింది. “దీంతో ఒలిస్తే తొక్కతో పాటు రాగీ తెగుతోంది. మా ఆయన పాత పెట్టెలో దొరికింది. పిడి మీద మీ కొట్టు ముద్ర ఉంటే వెతుక్కుంటూ వచ్చాను.”

పెద్దమ్మ దాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది. పిడికి చుట్టిన నల్ల టేపు మీద ఆవిడ బొటనవేలు కాసేపు ఆగిపోయింది.

“మీ ఆయన ఎలాంటివాడు?”

“స్ట్రిప్పరు కొనడానికి ఆయన సంగతెందుకండీ?”

“పనిముట్టు ఏ చేతికి పోతుందో తెలియాలిగా.”

అమ్మాయి నవ్వబోయింది. పెదవి మీద ఎండిన గాయం పగిలి రక్తం ఉబికింది. “ఆయన చేతికి పనిముట్లు అక్కర్లేదు పెద్దమ్మా.”

“ఎడం చేతివాటమా?”

అమ్మాయి ఉలిక్కిపడింది. “మీకెలా తెలుసు?”

“దెబ్బ కుడి చెంప మీదుందిగా. అతని తరఫు పెద్దవాళ్ళకి చెప్పలేకపోయావా?”

“ఎవరున్నారు చెప్పడానికి? ముందూ వెనకా ఎవరూ లేరన్నాడు. అమ్మా నాన్నా చిన్నప్పుడే పోయారట.”

పెద్దమ్మ పాత స్ట్రిప్పరుని బల్ల మీద పెట్టేసింది. అరల వైపు తిరిగింది. చేతికందే ఎత్తులోనే ఉన్న స్ట్రిప్పర్లు తియ్యడానికి ఆవిడకి చాలాసేపు పట్టింది.

“ఇదిగో, ఇది మర బిగించేది. చెయ్యి వణికితే మర జారుతుంది. నీకు పనికిరాదు. ఇదేమో నొక్కితే చాలు, తనే పట్టుకుని తనే లాగేస్తుంది. లావు తీగకి భేషుగ్గా ఉంటుంది. సన్నది దొరికిందా, నలిపి పారేస్తుంది.”

“ఇలాంటిది మా ఇంట్లో ఒకటుంది లెండి.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. పెద్దమ్మ నవ్వు ముందు ఆగింది.

“ఇది తీసుకో. పళ్ళ మధ్య వరసగా కన్నాలున్నాయి చూడు. తీగ లావుని బట్టి కన్నం. ఏ కన్నం పడుతుందో తెలియకపోతే పెద్దదాంతో మొదలెట్టు. ఒలిచాక రాగి మీద గోరు పెట్టి లాగు. ఎక్కడైనా తట్టుకుందంటే గాటు పడ్డట్టే. పనిచేస్తోందిగా అని వదిలెయ్యకు.”

“వదిలేశాను పెద్దమ్మా.”

అమ్మాయి సంచిలోంచి బ్యాటరీతో నడిచే సైరను తీసింది. దానికో మీట వేలాడుతోంది.

“మీట మంచం కింద, సైరను బయట నడవాలో పెట్టాను. పెట్టిన రోజు బ్రహ్మాండంగా మోగింది. మొన్న ఆయన నా పీక పట్టుకున్నప్పుడు నొక్కాను. మోగలేదు. గాటు పడ్డచోట తీగ విరిగింది. ఆ తర్వాత నా పక్కటెముక విరిగింది.”

“చుట్టుపక్కల ఎవరూ లేరా?”

“ఉన్నారు. నా అరుపులు వాళ్ళకి వినపడవట. సైరను మోగితే వినపడలేదనలేరుగా. ఇవాళ ఆయన వచ్చేలోగా ఇది మోగాలి. ఇంకోసారి మోగకపోతే నేనుండను.”

పెద్దమ్మ కొత్త తీగ చుట్ట విప్పింది. అమ్మాయి ఒలిచింది, పెద్దమ్మ గోరు పెట్టి చూసింది. మొదటిది తట్టుకుంది. కత్తిరించి పారేశారు. రెండోది నున్నగా జారింది. కొసలు మెలిపెట్టి సైరనుకీ మీటకీ బిగించారు.

అప్పుడు గుమ్మంలో నీడ పడింది.

“పెట్టెలో స్ట్రిప్పరు కనపడకపోతేనే అనుకున్నాను. ఈ కొట్టు సంగతి నీకెవరు చెప్పారే?”

అమ్మాయి వెనక్కి తిరిగేలోపే అతను జుట్టు పట్టుకున్నాడు. మొహాన్ని అద్దం బల్లకేసి కొట్టాడు. అద్దం నిలువునా పగిలింది. నుదుటి మీంచి రక్తం కారి మేకుల పెట్టెల్లో పడింది.

“వదులు,” అంది పెద్దమ్మ.

“నువ్వు లోపలికి పో! మా ఇద్దరి మధ్య నీకేం పని?”

ఆవిడ బల్ల చుట్టూ వచ్చి అతని చొక్కా పట్టుకుంది. ఎడమ చెయ్యి విసురుగా వచ్చి ఆవిడ కుడి చెంప మీద పడింది. కళ్ళజోడు ఎగిరి గోడకి తగిలింది. ఆవిడ తప్పుకోలేదు, కిందా పడలేదు.

రక్తంతో మూసుకుపోయిన కళ్ళతోనే అమ్మాయి బల్ల మీద తడుముకుంది. గాజుపెంకులు అరచేతిలో దిగాయి. మీట దొరికింది. నొక్కింది.

సైరను చెవులు చిల్లులు పడేలా అరిచింది.

అతను తీగని ఎడమచేతికి చుట్టుకుని లాగాడు. సైరను కొట్టంతా దొర్లింది గాని తీగ తెగలేదు, అరుపు ఆగలేదు. ఇంకోసారి లాగబోయేసరికి పెద్దమ్మ చేతిలో పైపు రెంచి ఉంది. రెండు చేతులా ఎత్తి అతని మణికట్టు మీద వేసింది. ఎముక ఎండుపుల్లలా విరిగింది. అతను మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

వీధి వీధంతా గుమ్మంలోకొచ్చి పడింది. కూడలిలోని కానిస్టేబులు జనాన్ని తోసుకుంటూ వచ్చి, నెత్తుట్లో ఉన్న అమ్మాయినీ, నేల మీద మూలుగుతున్న మనిషినీ చూశాడు.

“ఇతన్నెవరు కొట్టారు?”

“నేనే,” అంది పెద్దమ్మ. “ముందీ పిల్లని ఆసుపత్రికి పంపించు నాయనా. వాడు చేసిందంతా నా కళ్ళారా చూశాను. ఎక్కడికి రమ్మంటే అక్కడికొచ్చి చెప్తాను.”

“ఇప్పుడిలాగే అంటారు పెద్దమ్మా. తీరా కోర్టులో నిలబెట్టాక జాలిపడి మాట మారుస్తారు. అప్పుడు ఈ అమ్మాయి మళ్ళీ వీడి చేతికే చిక్కుతుంది.”

“మార్చను.”

“ఇంతకీ ఇతను మీకేమవుతాడు?”

పెద్దమ్మ రెంచి బల్ల మీద పెట్టింది.

“నా కొడుకు.”