అవే రెండు గుర్తులు

బైండరు బ్రష్షు నుంచి జిగురు చుక్క ఒకటి జారి, సరిగ్గా లెక్కల టీచరు కాగితం మీద పడింది.

"కాస్త చూసుకోండి పెద్దాయనా" అని ఆమె విసుక్కుంది.

గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలు కుట్టే ముసలాయన అతను. గబగబా గుడ్డతో తుడిచాడు. తుడిచినవాడు వెళ్లక, ఆ కాగితాన్నే చూస్తూ నిలబడ్డాడు.

కాగితం నిండా గుర్తులు. సున్నాలో చుక్క, కొక్కెం తగిలించిన గీత, విరిగిన గొడుగు లాంటిది ఇంకొకటి. పక్కన తెరిచి ఉన్న పాత నోటుబుక్కు నిండా కూడా అవే.

నోటుబుక్కు టీచరు వాళ్లమ్మది. పోయేముందు కూతురి చేతిలో పెట్టి, నోటితో చెప్పలేక ఇందులో రాశాను, చదవగలిగితే చదువుకో అంది. అమ్మ అంతగా చెప్పలేకపోయినది ఏమిటో తెలియక ఆరు నెలలుగా కూతురికి ముద్ద దిగడం లేదు.

అలాగని బెంబేలు పడే మనిషి కాదు. ఇంతమంది పిల్లల బుర్రల్లోకి భిన్నాలు ఎక్కించినదాన్ని, ఈ తాళం నా ముందు ఎన్నాళ్లు ఆగుతుందిలే అనుకుంది. రహస్య లిపుల మీద అక్కడున్న మూడు పుస్తకాలూ నమిలి మింగేసింది.

ఇదేమిటమ్మా అని బైండరు అడిగాడు. అడగడమే పాపం, అమ్మ రాసిపెట్టిందని చెప్పి పాఠం మొదలుపెట్టింది. అక్షరానికొక గుర్తు, గుణింతానికొక గుర్తు. భాషలో ఏ అక్షరం ఎక్కువ వాడతామో, ఇందులో ఎక్కువసార్లు వచ్చే గుర్తు దానిదే అయి ఉంటుంది. అందుకే బడిపుస్తకంలో పది పేజీల అక్షరాలు లెక్కపెట్టి పట్టిక వేసింది. బైండరు ఒకటో తరగతి పిల్లాడిలా చేతులు కట్టుకుని విన్నాడు. తాతకు దగ్గులు నేర్పుతున్నానని ఆమెకు తెలియదు.

"మరి తేలిందా?"

తేలలేదు. అదే ఆమె బాధ.

అప్పుడు చెప్పాడతను. ఒకప్పుడు అచ్చాఫీసులో సీసం అక్షరాలు పేర్చేవాడట. ఎక్కువ వాడే అక్షరానికి పెట్టెలో పెద్ద గడి ఉండేదట. పాఠ్యపుస్తకం పేర్చినప్పుడు ఒక గడి ముందు ఖాళీ అయ్యేదట, నాటకం పేర్చినప్పుడు వేరొకటి.

"మీ అమ్మ పాఠం రాయలేదు కదమ్మా, నీతో మాట్లాడింది. మాటల్ని లెక్కపెట్టు."

జిగురు డబ్బా మోసుకు తిరిగే ఆయన తనకు చెప్పడమా అని ముందు రోషం వచ్చింది. అయినా మర్నాడు స్టాఫ్‌రూములో తోటి టీచర్ల కబుర్లన్నీ పొల్లు పోకుండా రాసుకుని లెక్కపెట్టింది. ఏమిటా రాత అంటే పరిశోధన అని బొంకింది.

నాలుగు గుర్తులు దారికొచ్చాయి. తర్వాత బండి మళ్లీ ఆగిపోయింది.

రోషాన్ని సగం మింగి బైండరు బల్ల దగ్గరికి వెళ్లింది. అతను సూదిలో దారం ఎక్కిస్తున్నాడు.

"అమ్మ నిన్ను ఏమని పిలిచేది?"

"గలగల. చిన్నప్పుడు నోరు మూసేదాన్ని కాదట."

దారం సూదిలోకి వెళ్లడానికి చాలాసేపు పట్టింది.

"అయితే రెండు గుర్తులు, వెంటనే మళ్లీ అవే రెండు గుర్తులు. ఎక్కడున్నాయో చూడమ్మా."

మొదటి పేజీ మొదటి వరుసలోనే ఉన్నాయి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. ఆ రెండు అక్షరాలూ పక్కవాటిని పట్టిచ్చాయి, అవి ఇంకో నాలుగింటిని. ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"విప్పేశాను పెద్దాయనా, నేనే విప్పేశాను."

"నువ్వేనమ్మా" అన్నాడు బైండరు.

నోటుబుక్కు కుట్లు ఊడిపోయాయి, రెండు రోజులు ఇస్తే గట్టిగా కుట్టి ఇస్తానన్నాడు. ఎలాగూ గుర్తులన్నీ వేరే కాగితాల మీదికి ఎత్తి రాసుకుంది కాబట్టి ఇచ్చింది. కొత్త అట్ట వేసి తెచ్చి ఇచ్చినప్పుడు, ఆమె చదువుతున్న కాగితం మీది నుంచి తల కూడా ఎత్తలేదు.

రోజుకో పేజీ చదివింది. తనకు వచ్చిన జ్వరాలు, తను వేసిన వేషాలు, అమ్మ లోపల్లోపల నవ్వుకున్న నవ్వులు. చెప్పలేనిది మాత్రం ఏదీ కనిపించలేదు.

చివరి పేజీ మిగిలిన రోజున బైండరు బల్ల మీద గుడ్డ కప్పి ఉంది. మొన్న నిద్రలోనే పోయాడనీ, నా అన్నవాళ్లు ఎవరూ లేకపోతే తామే అంతా చూశామనీ లైబ్రేరియన్ చెప్పాడు. ఒక్కసారైనా సరిగ్గా కృతజ్ఞత చెప్పలేదే అని ఆమె మనసు చివుక్కుమంది. ఆ ఖాళీ బల్ల దగ్గరే కూర్చుని, చివరి పేజీ ఒక్కో గుర్తే విప్పుకుంటూ చదివింది.

"గలగలా, నీకెప్పుడూ చెప్పలేదు. నువ్వు పుట్టకముందు నేను అచ్చాఫీసులో అక్షరాలు పేర్చేదాన్ని. ఒకసారి పరీక్ష ప్రశ్నపత్రం బయటికి పోయింది. పోయింది నా అజాగ్రత్త వల్ల. అప్పుడు నువ్వు కడుపులో ఉన్నావు. నా పక్కన పనిచేసే ఆయన ఆ తప్పు తనదని చెప్పి, దొంగ అనిపించుకుని వెళ్లిపోయాడు. ఇంకే అచ్చాఫీసూ ఆయన్ను గడప తొక్కనివ్వలేదు. నిజం చెప్పే ధైర్యం నాకు ఏ రోజూ రాలేదు. ఎక్కడైనా కనిపిస్తే నా బదులు నువ్వు ఆయన కాళ్లకు దండం పెట్టు. గుర్తుపట్టడం ఎలా అంటావేమో, ఈ పుస్తకం ఆయన ముందు తెరిస్తే చాలు, మాట్లాడకూడదన్న ఆ అచ్చు గదిలో చీటీలు రాసుకోవడానికి ఈ గుర్తులన్నీ కనిపెట్టింది ఆయనే, అచ్చు చదివినట్టు గడగడా చదివేస్తాడు."