డోర్కస్ పేరిట రాయి

"ఇంకో పది నిమిషాల్లో రాయి మీద గుడ్డ తీసేస్తామండీ. మీరు ముందు వరసలో కూర్చోవాలట, ఎర్నెస్టీన్ మామ్మ ఒకటే కలవరిస్తోంది" అంది పసుపు చొక్కా అమ్మాయి.

మర్లా టిడ్‌వెల్ మెట్ల మీదే ఆగిపోయింది. వర్జీనియాలోని ఆ పాత భవంతిని వచ్చినవాళ్ళకి తిప్పి చూపించడం పద్దెనిమిదేళ్ళుగా ఆమె ఉద్యోగం. దేశాన్ని మొదట్లో ఏలిన అధ్యక్షుల్లో ఒకాయన ఇల్లది. ఇవాళ దాని ముందు పచ్చిక మీద బ్రాక్‌స్టన్ కుటుంబంవాళ్ళు అరవైమంది. డెట్రాయిట్ నుంచీ బాల్టిమోర్ నుంచీ రెండు బస్సుల్లో దిగారు. ముసలీ ముతకా అందరికీ పసుపు చొక్కాలే. వీపుల మీద పెద్దక్షరాలతో ఒకటే మాట: "ఇక మీరే వండుకోండి!"

అది డోర్కస్ అన్న మాట. అధ్యక్షుడి వంటింట్లో బానిస. దొర పోయిన మూడోనాడు, పరామర్శకొచ్చిన పెద్దమనుషులందరి ముందూ వంటింటి తాళంచెవి బావిలోకి విసిరేసి ఆ మాటంది. వంటింటి గడపలో నిలబడి మర్లా ఆ కథ చెబితే జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. నిరుడు ఆ జనంలో ఎర్నెస్టీన్ బ్రాక్‌స్టన్ ఉంది. ఎనభై రెండేళ్ళ మనిషి, బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయింది. కథ అయ్యాక నిదానంగా దగ్గరికొచ్చి, మర్లా చెయ్యి పట్టుకుని, "ఆవిడ మా ముత్తవ్వకి తల్లమ్మా" అంది. ఆఫీసువాళ్ళు మర్లా మాట మీద నమ్మకంతో డోర్కస్ పేరిట ఆ కుటుంబం నిలబెట్టే స్మారకం రాయికి వంటింటి పక్కనే చోటిచ్చారు.

చిక్కల్లా ఒకటే. ఆ కథ మర్లా కల్పించింది.

దొర ఆస్తి లెక్క రాసిన పాత కాగితాల్లో ఉన్నది ఒక్క ముక్క. రాగి గంగాళాలకీ రెండు కంచరగాడిదలకీ మధ్య, 'వంటమనిషి, ముసలిది, ఒకటి.' పేరు లేదు. ఓ వానరోజు జనం ఆవులిస్తుంటే మర్లా నోటికొచ్చిన పేరు పెట్టింది. ఇంకోరోజు చేతికి తాళంచెవి ఇచ్చింది. ఆ పై వారం బావి వచ్చి చేరింది.

ఆమె పచ్చిక దాటుతుంటే, కోడిముక్కలు వేయిస్తున్న భారీ మనిషి గరిటె పైకెత్తాడు. "అదిగో, తాళంచెవమ్మ వచ్చేసింది! ఈవిణ్ణి మాత్రం వండుకోమనకండర్రా, మనమే పెట్టాలి!"

అందరూ గొల్లున నవ్వారు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు వచ్చి కౌగిలించుకున్నారు. నాలుగేళ్ళ పిల్ల ఒకతె వాళ్ళ నాన్న కారు తాళం లాక్కుని ఐసుపెట్టెలో పడేసి, నడుం మీద చేతులేసుకుని, "ఇక మీలే వండుకోండి!" అంది. దాన్ని ఎత్తుకుని ముద్దులాడారు. మర్లాకి చెవుల దాకా వేడెక్కింది. అంత ప్రేమగా ఆమె మొహం వంక ఎవరూ చూడకపోతే బాగుండుననిపించింది.

"ఎర్నెస్టీన్‌గారూ, ఒక్కమాట. కాస్త ఇటు పక్కకి వస్తారా?"

"గుడ్డ తీశాక చెబుదువుగానిలేమ్మా."

"తీశాక చెప్పే మాట కాదండీ."

ముసలావిడ ఆమె మొహం చూసి, చేతికర్ర అందుకుని లేచింది. ఇద్దరూ వంటింటి గోడ నీడలో బల్ల మీద కూర్చున్నారు.

"డోర్కస్ లేదండీ" అంది మర్లా.

"లేకపోవడమేమిటి?"

"వంటమనిషి ఒకావిడ ఉంది. ఆ పేరు నేను పెట్టిందే. తాళంచెవి నేను అల్లిందే. ఆ మాట కూడా... మీవాళ్ళ వీపుల మీద ఉన్న మాట... అదీ నాదే."

ఎర్నెస్టీన్ కర్ర కొనతో ఇసుకలో గీత గీసింది, చెరిపింది.

"ఇది ఇంకెవరికి తెలుసు?"

"ఎవ్వరికీ తెలీదు."

"ఇన్నేళ్ళుగా చెబుతున్నావే, ఒక్కసారైనా సిగ్గెయ్యలేదా?"

"చప్పట్లు కొడుతుంటే వెయ్యలేదండీ. మీరు చెయ్యి పట్టుకున్నాక మొదలైంది. ఏడాది నుంచి అన్నం సయించడం లేదు."

"మరి ఆనాడే చెప్పొచ్చుగా?"

"అప్పుడు మీరు ఏడుస్తున్నారు. నోరు రాలేదు."

పచ్చిక మీంచి ఎవరో కేకేశారు. "మామ్మా, తీసేద్దామా?"

"ఉండండర్రా!" అంది ఎర్నెస్టీన్.

మర్లా లేచి నిలబడింది. "మీరేం మాట్లాడొద్దు. మైకులో నేనే చెబుతాను. నా నోటితోనే అబద్ధమాడాను, అందరి ముందూ నా నోటితోనే ఒప్పుకుంటాను. తిడితే పడతాను. ఉద్యోగం పోతే పోయింది."

రెండడుగులు వేసిందో లేదో, ముసలావిడ చెయ్యి ఆమె మణికట్టు మీద బిగుసుకుంది. కోపమనుకుంది మర్లా. కొడుతుందేమో, కొట్టనీ అనుకుంది. కానీ ఎర్నెస్టీన్ ఆమె వంక చూడటం లేదు. పచ్చిక మీద దొర్లుతున్న పసుపు చొక్కాల పిల్లల్ని చూస్తోంది. కళ్ళెత్తలేని మనిషిలా, కాసేపటికి తల పూర్తిగా దించేసుకుంది.

"కూర్చోమ్మా, కూర్చో. మెల్లిగా మాట్లాడు, మావాళ్ళు వింటారు" అంది. "మా ముత్తవ్వ తల్లి ఈ ఇంటి గడప తొక్కనేలేదు, ఏటి అవతల ఊరూ పేరూ లేని దొర తోటలో పొగాకు కోసింది, నిరుడు నీ చెయ్యి పట్టుకున్ననాటికే నాకది తెలుసు, ఆ తోట ఇప్పుడు గోల్ఫ్ మైదానం, అక్కడ మమ్మల్ని రాయి పాతనివ్వలేదు."