అమ్మ కొవ్వొత్తితోనే

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, ఇది అరిచి చెప్పే కథ కాదు.

“ముందు నీది వెలిగించమ్మా. నాది దాంతో అంటిస్తా,” అంటున్నాడు దొర.

“అగ్గిపెట్టె నీ చేతిలోనే ఉంది కదరా! నీది నువ్వు వెలిగించుకోవచ్చుగా?”

“ఊహూఁ. నీది అంటుకుంటేనే నాది.”

ఉదయం పూజ అయిపోయి చర్చి ఖాళీ అవుతోంది. మరియతల్లి స్వరూపం ముందు కొవ్వొత్తి పెట్టి, మనసులో మాట చెప్పుకుని వెళ్లడం అక్కడి అలవాటు. తల్లి తన కొవ్వొత్తి వెలిగించింది. దొర దాని మంటకు తన వత్తి ఆనించి, అది అంటుకోగానే ఏదో పెద్ద పని సాధించినవాడిలా నవ్వాడు.

దొర అనేది అసలు పేరు కాదులెండి. నలభై దాటిన మనిషి, నున్నగా పాపిడి తీసుకుని, మెడ దాకా గుండీలు పెట్టుకుని నడుస్తుంటే వీధివాళ్లు పెట్టిన పేరు. పుట్టినప్పుడు డాక్టరు డౌన్ సిండ్రోమ్ అన్నాడు. గుండెలో రంధ్రం కూడా ఉంది, పదేళ్లు దాటడం కష్టమన్నాడు. పాపం, ఆ డాక్టరే ముందు పోయాడు.

బేకరీలో కేకుల అట్టపెట్టెలు మడవడం దొర ఉద్యోగం. మూలకు మూల కలవకపోతే విప్పి మళ్లీ మడిచేవాడు. “దొరా, బయట జనం నిలబడ్డారు, కానివ్వు నాయనా!” అని యజమాని మొత్తుకుంటే, “ఇల్లు సరిగ్గా లేకపోతే కేకు ఏడుస్తుంది, ఆగు,” అనేవాడు.

ఆదివారం పూజలో చిన్న గంట కొట్టేది అతనే. ‘సమాధానం’ అంటూ ఒకరికొకరు శాంతి చెప్పుకునే వేళ వస్తే ఆఖరి వరస దాకా వెళ్లి చేతులు కలిపితేగాని తిరిగొచ్చేవాడు కాదు. ఏళ్ల తరబడి మాటల్లేని బావాబావమరుదులుంటే, ఇద్దరి చేతులూ పట్టి లాగి కలిపి, వాళ్లు ముఖం తిప్పుకున్నా వదలకుండా నిలబడ్డాడు. చివరికి వాళ్లకే నవ్వొచ్చింది.

బస్సు డ్రైవరుకు పిల్లల్లేరు. “నా సంగతి కూడా పైన చెప్పు దొరా,” అన్నాడు ఒకసారి. ఏడాది తిరక్కుండా పసిదాన్ని తెచ్చి దొర ఒళ్లో పెట్టాడు. అప్పటినుంచి, దొర అడిగితే దేవుడు కాదనలేడని వీధి వీధంతా నమ్మకం.

తన కోసం ఏం అడుగుతాడో మాత్రం తల్లికి చెప్పేవాడు కాదు. చర్చి పనులు చూసుకుంటూ, పక్కనే నిలబడి కారిన మైనం గీకి తీసే ఉపదేశిగారి ఒక్కరి చెవినే పడేది ఆ మాట.

తల్లి బట్టలు కుట్టే మనిషి. ఆమెకు కడుపులో గడ్డ లేచింది. కోసినా లాభం లేదన్నారు. కబురు తెలిసి పెద్దకొడుకు వచ్చాడు.

“కోపం తెచ్చుకోకమ్మా. తమ్ముడికి ఒక ఆశ్రమంలో చోటు చూశాను.”

“నీ ఇంట్లో లేదా చోటు?”

“మా ఆవిడ ఒప్పుకుంటే ఈ మాట అనేవాణ్ణా?”

ఆ చోటు చూడ్డానికి ఆమె ఒక్కతే వెళ్లింది. గది నిండా ఇనప మంచాలు. దొర వయసువాడే ఒకడు, మణికట్టు మంచం కోడుకు కట్టేసి ఉంది. కట్టింది చొక్కా చెయ్యి చింపిన ముక్కతో. దాని అంచు కుట్టు ఇంకా ఊడలేదు. కుట్టేవాళ్ల కళ్లు కదా, ముందు దాన్నే చూశాయి.

“అల్లరి చేస్తాడమ్మా. కొన్నాళ్లకు అలవాటైపోతుంది,” అంది ఆయా.

ఆమె గడప దాటకుండానే వెనక్కి తిరిగింది. మర్నాటి నుంచి ఆమె కొవ్వొత్తికి ఒకటే మాట. “తల్లీ, నాకంటే ఒక్కరోజు ముందు వాణ్ణి తీసుకుపో.” అన్నాక సిగ్గుతో తల ఎత్తలేకపోయేది. అయినా మళ్లీ మర్నాడు అదే అడిగేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగింది. “రోజూ ఏం చెప్పుకుంటున్నావురా?”

“చెప్పను. నువ్వేం చెప్పుకుంటున్నావు?”

“ఏముందిరా… నువ్వు బాగుండాలని.”

దొర ఆమె బుగ్గ నిమిరాడు. “నువ్వడిగింది వచ్చేస్తుందిలే అమ్మా. తప్పకుండా వచ్చేస్తుంది.”

వానల్లో దొరకు జ్వరం తగిలింది. రొమ్ము పట్టేసింది. ఆసుపత్రిలో ఎగశ్వాస తీస్తూ కూడా, సూది గుచ్చిన నర్సుకు “సమాధానం” అని చెయ్యి చాపాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకునే నిలబడింది. తెల్లవారేసరికి తల్లి ఒళ్లో తల పెట్టుకుని వెళ్లిపోయాడు.

సమాధి దగ్గర వీధంతా ఏడ్చింది. బావాబావమరుదులు ఒకరి భుజం ఒకరు పట్టుకుని ఏడ్చారు. తల్లి కంట చుక్క రాలేదు. అందరూ వెళ్లాక ఉపదేశిగారి ముందు కూలబడింది.

“నా బిడ్డను నేనే చంపుకున్నానండీ. వాణ్ణి ముందు తీసుకుపొమ్మని రోజూ అడిగాను.”

ఆయన వంగి లేపబోతే ఆమె లేవలేదు.

“వాడు బతకాలనే అడిగి ఉంటాడు కదా? పక్కపక్కనే నిలబడి ఎదురెదురు మాటలు చెప్పుకున్నాం. వాడి మాట ఎప్పుడూ కాదనని దేవుడు, ఈ ఒక్కసారికి వాణ్ణి కాదని నా మాట ఎందుకు విన్నాడు? మీకు వినపడేది కదా, చెప్పండి. ఏమడిగేవాడు?”

ఉపదేశిగారు ఆమె పక్కనే నేల మీద కూర్చున్నారు. తర్వాత చెప్పారు. ఇది మనసులో పెట్టుకోండమ్మా, మీ పిల్లలకూ చెప్పండి. చెప్పేటప్పుడు ఆయన అన్న మాట మాత్రం మార్చకండి.

“‘మా అమ్మ ఏమడిగితే అది ఇచ్చెయ్యి’ అనేవాడు చెల్లెమ్మా.”