మెత్తటి నీళ్లలో కందిపప్పు

కుక్కర్ మూత మీద చెయ్యి వేశాను. ముప్పై ఏళ్ల నా పరువంతా అందులోనే ఉంది.

కెనడాలో, సస్కటూన్ శివార్లలో మా ఇంటికి సున్నం నిండిన బోరు నీళ్లు. ఎన్ని విజిల్స్ వేయించినా కందిపప్పుకి పలుకు పోదు. తప్పు నీళ్లదంటే మావారు ఒప్పుకోరు. రిటైరైన కెమిస్ట్రీ ప్రొఫెసర్ మరి!

"చేతకానప్పుడు నీళ్లని ఆడిపోసుకోకు వాసంతీ. ఇది పప్పా, గులకరాళ్లా?" అంటూనే పళ్లెం నాకేవారు.

ఇప్పుడు మా అమ్మాయి ఉద్యోగం చేసే దీవికి వచ్చాం. ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతం మీద కురిసిన వానే ఇక్కడి కుళాయి నీళ్లు. ఎంత మెత్తనంటే, ఎన్ని చెంబులు పోసుకున్నా ఒంటిమీద సబ్బు జారుడు వదలదు.

మూత తీశాను. పప్పు వెన్నలా ఉంది!

"ఇప్పుడు చెప్పండి, తప్పు ఎవరిది?"

ఆయన రెండు ముద్దలు తిని, "నీళ్లదే" అని తల వంచుకున్నారు. ఆ పూట నేను నేలమీద నడవలేదు.

మర్నాడు అవే నీళ్లు, అదే కుక్కర్, అదే నేను. పప్పు మాత్రం గులకరాళ్లు!

"అమ్మా, నాన్న కాల్షియం టాబ్లెట్స్ స్టవ్ పక్కన ఎందుకున్నాయి?" అంది అమ్మాయి.

ఆయన వైపు తిరిగాను. "ఏమండీ, నా పప్పులో మీ మాత్రలా?"

"నీళ్లని కాస్త గట్టిపరిచాను" అంటూ పళ్లెం ముందుకు జరిపారు. "నిన్నటి పప్పు పంటికి తగల్లేదు వాసంతీ. మనింటి పప్పులా లేదు."

గరిటె ఎత్తాను. ఏం చేద్దామని ఎత్తానో గానీ, చివరికి వడ్డించాను.