రెండు వేళ్ళ ఎత్తు

అన్యాయం ఎవరికి జరిగిందో ముందే చెప్పాలి. చెల్లెలికి జరిగింది. బడి నాటకంలో ఎత్తైన పిల్లకే రాజు వేషమని పెద్ద టీచరమ్మ నియమం పెడితే, కవల అక్క రెండు వేళ్ళ ఎత్తు తేడాతో కిరీటం దక్కించుకుంది. నేల జీరాడే గౌను చాటున మడమలెత్తి నిలబడిందని చెల్లెలి అభియోగం. అక్క ఏనాడూ ఒప్పుకోలేదు.

ఈ సాయంత్రం అదే బడిలో పూర్వ విద్యార్థినులు అదే నాటకం ఆడుతున్నారు. తెర అవతల కుర్చీలన్నీ నిండిపోయాయి. తెర ఇవతల, డెబ్భై దాటిన ఆ కవలలిద్దరూ ఒకే కిరీటాన్ని చెరొక వైపు పట్టుకుని లాగుతున్నారు.

“వదలవే! రాజంటే నేనే. అందరూ నన్ను చూడ్డానికే వచ్చారు.”

“అప్పుడూ ఇలాగే కొట్టేశావు. దొంగ!”

“మళ్ళీ మొదలెట్టావూ! కళ్ళు మసకబారాయి, చెవులు మందగించాయి, పళ్ళు సగం రాలిపోయాయి. ఆ ఒక్క మాట మాత్రం నీ నోట్లోంచి ఊడదేం?”

“న్యాయం జరిగితే ఊడుతుంది. వయసొస్తే వెన్నుపూసలు దగ్గరపడి మనిషి కుదించుకుపోతాడని డాక్టరు చెప్పలేదూ? నువ్వు నాకంటే ఎక్కువ కుదించుకుపోయావు. నియమం నియమమే. ఇప్పుడే కొలిపిద్దాం, రా!”

చుట్టూ ఉన్న తోటి ముసలమ్మలు చప్పట్లు కొట్టారు. “కొలవాల్సిందే! కొలవాల్సిందే!”

అక్క ఒక్క క్షణం చెల్లెలి ముఖంలోకి చూసింది. బుగ్గలు జారిన ఆ ముఖంలో కళ్ళు మాత్రం పదేళ్ళ పిల్లవిలా మండుతున్నాయి. అక్క కిరీటం వదిలేసింది.

“సరే, కొలిపించు.”

“ముందు చెప్పులు విప్పు!”

“నా మోకాళ్ళు వంగి చస్తేగా! కుర్చీలోంచి లేవాలంటేనే ఇద్దరు మనుషులు కావాలి. నువ్వే విప్పు.”

చెల్లెలు నడుం పట్టుకుని, మూలుగుతూ వంగి, అక్క చెప్పులు లాగి పారేసింది. ఇద్దరూ వీపుకు వీపు ఆనించి నిలబడ్డారు. దుస్తులు సవరిస్తున్న దర్జీ నోట్లోని గుండుసూదులు తీసి, పొడవాటి స్కేలు వాళ్ళ తలల మీద పెట్టబోయింది.

“ఆగమ్మా!” చెల్లెలు అరిచింది. “ముందు దాని గౌను అంచు ఎత్తు. మడమలు నేలకు ఆనాయో లేదో చూడు!”

దర్జీ చీలమండల దాకా ఎత్తి చూసింది. “రెండూ ఆనాయండీ.”

“ఒట్టు?”

“ఒట్టు.”

స్కేలు చెల్లెలి తల మీంచి వెళ్ళి అక్క తలను అందుకోలేక గాలిలో ఆగింది. “చిన్నావిడే పొడుగండీ! రెండు వేళ్ళు!” అంది దర్జీ.

గది దద్దరిల్లింది. చెల్లెలు కదలబోతే దర్జీ ఆపింది. “అలాగే ఉండండి. ఇక భటుడి వేషం పెద్దావిడదే కదా, అంగీ ఎంత పొడవుండాలో పనిలో పనిగా కొలిచేస్తాను.”

“అలా వణికిపోతున్నావేమే అక్కా?”

“వయసే. త్వరగా కానివ్వమ్మా,” అంది అక్క, పళ్ళు బిగించి.

కొలత అయిందో లేదో చెల్లెలు కిరీటం అందుకుంది. చిన్నపిల్లల తలలకు వదులై జారిపోయే ఆ కిరీటం, వయసుతో సాగిన ఆమె చెవుల మీద ఠీవిగా నిలిచింది. గొంతు సవరించుకుంటే, ఆనాటి కీచుగొంతు పోయి నిజంగా రాజుగారి గొంతే పలికింది. గంట మోగింది. చెల్లెలు రొమ్ము విరుచుకుని వేదిక పక్కకు నడిచింది.

దర్జీ ఆ కొలతకు అంచు మడిచి సూదులు గుచ్చిన అంగీని హడావుడిగా అక్క ఒంటిమీద వేసి, కిందికి చూసి తెల్లబోయింది. అంచు పైకి లేచి చీలమండలు కనబడుతున్నాయి.

“ఇప్పుడే కదండీ కొలిచాను! అంతలోనే రెండు వేళ్ళు ఎలా పెరిగారు?”

అక్క గోడ పట్టుకుని మోకాళ్ళు రుద్దుకుంటూ వేదిక వైపు చూసింది.

“నెమ్మదమ్మా, దానికి వినబడుతుంది. మడమలెత్తి దొంగిలించిన ఆ రెండు వేళ్ళూ, ఇవాళ మోకాళ్ళు వంచి ఇచ్చేశాను.”