పల్లానికి పంపిన మురుగు

కొండ కింద చెరువుకు ఒక ముసలి తాబేలు పెద్ద. పెద్దరికం దానిది, చాకిరీ పీతలది. అవతలి పందుల మంద మురుగంతా ఆ చెరువులోకే దిగేది. ఆ పెంట సారానికి నాచు బలిసి, నీళ్లు పచ్చగా చిక్కబడి, చేపలు వెల్లకిలా తేలుతుండేవి. తాబేలు పీతల చేత కాలువ తవ్వించి, మురుగును దిగువ కుంటలోకి మళ్లించింది.

"మేమేమైపోవాలి తాతా?" అని కుంటలోని కప్ప మొత్తుకుంది.

"నీరు పల్లమెరుగు. నన్నేం చెయ్యమంటావే?" అంది తాబేలు.

కొన్నేళ్లకు చెరువు తేటపడింది. అడుగున గులకరాళ్లు కూడా కనబడ్డాయి. చూడవచ్చిన పందులు "పెద్దంటే నువ్వే" అని పొగిడి, చెరువు పైన గడ్డివాలులో చోటడిగాయి. తాబేలు ఉబ్బిపోయి సరేనంది. పందులు గడ్డిని వేళ్లతో సహా పెళ్లగించి కాపురం పెట్టాయి. ఇన్నాళ్లూ కొండమట్టిని పట్టి ఉంచింది ఆ గడ్డేనని తాబేలుకు తట్టనే లేదు.

తొలకరి వానకు మట్టీ పెంటా కలిసి చెరువులోకి దిగాయి. నెల తిరక్కుండా నీళ్లు మళ్లీ పచ్చబడ్డాయి, చేపలు మళ్లీ తేలాయి. ఈసారి మళ్లించడానికి ఒక కాలువంటూ లేదు. వాలంతా కాలువే.

తాబేలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దిగువ కుంటకు పాకింది. కుంటంతా నాచు. ఆ కప్ప ఒక్కటే మిగిలింది.

"కాస్త చోటివ్వు తల్లీ," అంది తాబేలు.

కప్ప పక్కకు జరిగింది.

"మొహమాటమెందుకు తాతా, దిగు. ఇందులో ఉన్నదంతా నువ్వు పంపిందేగా."